నడిచే దారి ఎంత పొడుగుండాలి?

పాత ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్ మళ్ళీ విడుదలైన ప్రతిసారీ ఆడేవాళ్ళ మధ్య ఒకే తగవు మొదలవుతుంది. కొత్త సౌకర్యాలు కలపాలా, ఉన్నదున్నట్టు ఇవ్వాలా? ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు దీని గురించే. వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. నేను 2006 నుంచి ప్రీస్ట్‌గా ఆడుతున్నాను, అంటే జట్టులో మిగతావాళ్ళను బతికించే హీలర్ పని. ఏ విషయాన్నైనా హీలర్‌గానే చూస్తాను. అది దృష్టిలో పెట్టుకుని చదవండి.

ప్రశ్న: నేనూ మా తమ్ముడూ చిన్నప్పుడు కలిసి వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడేవాళ్ళం. ఇప్పుడు క్లాసిక్‌లో, అంటే మళ్ళీ విడుదలైన ఆ పాత ఆటలో, మళ్ళీ కలిశాం. వారానికి నాలుగు గంటలు దొరికితే నాకు గొప్ప. మా సర్వర్‌లో డ్యూయల్ స్పెక్ ఇచ్చారని తెలిసి నేను సంతోషించాను. వాడు మాత్రం "ఇలా ఒక్కోటీ కలుపుకుంటూ పోతే చివరికి మనం వదిలేసి వచ్చిన ఆటే మిగులుతుందక్కా" అని అలిగాడు. సౌకర్యం కోరుకోవడం తప్పా?
— పాలడిన్ ఆడే ఒక అక్క

జవాబు: తప్పు కాదు. మీ తమ్ముడి భయంలోనూ తప్పు లేదు. అందుకే మీ ఉత్తరానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఈ ఆటలో ప్రతి పాత్రకూ కొన్ని టాలెంట్ పాయింట్లు ఉంటాయి. ప్రీస్ట్ వాటిని వైద్యం వైపు పెట్టుకోవచ్చు, లేదా పోరాటం వైపు పెట్టుకోవచ్చు. 2004 నాటి ఆటలో ఒక్క అమరికే ఉండేది. మార్చుకోవాలంటే ట్రైనర్ దగ్గరికి వెళ్ళి గోల్డ్ కట్టాలి. ఆ ఫీజు 1 గోల్డ్‌తో మొదలై, మార్చిన కొద్దీ పెరిగి 50 దాకా పోయేది. రెండు అమరికలు దగ్గర పెట్టుకుని ఒకదాన్నుంచి ఇంకోదానికి మారే సౌకర్యమే డ్యూయల్ స్పెక్. అసలు ఆటలో అది 2009లో వచ్చింది. 2024 నవంబరులో తెరిచిన యానివర్సరీ సర్వర్లలో, కాలక్రమం ప్రకారం దానికి చోటు లేకపోయినా, ఇచ్చారు. మీ తమ్ముడి అభ్యంతరం అదే.

2019 ఆగస్టులో క్లాసిక్ తెరిచినప్పుడు నాదీ అదే మాట. హీలర్‌గా ఉండాలని నిర్ణయించుకున్నాక దాని కష్టం కూడా మోయాల్సిందే అనుకున్నాను. మోశాను కూడా. వారంలో రెండు రాత్రులు రైడ్, అంటే నలభై మంది కలిసి చేసే పెద్ద దాడి. మిగతా రోజుల్లో రైడ్‌కు కావలసిన మందులు కొనడానికి గోల్డ్ సంపాదించాలి. వైద్యం అమరికతో ఒంటరిగా బయటికి వెళ్తే, పక్కన మేజ్ (మంత్రాలతో పోరాడే పాత్ర) మూడు జంతువులను చంపేలోపు నేను మంత్రదండం పట్టుకుని ఒకదాన్ని కొడుతూ ఉండేదాన్ని. పోరాటం అమరికకు మారితే పోవడానికి 50, రావడానికి 50. వారం పొడుగునా సంపాదించిందంతా అక్కడే పోతుంది.

ఆ ఏడాది మా గిల్డ్‌లో, అంటే ఎప్పుడూ కలిసి ఆడే మా సంఘంలో, ఇద్దరు హీలర్లు విసిగిపోయారు. ఒకామె మేజ్ మొదలుపెట్టింది, ఇంకొకరు ఆటే మానేశారు. తరవాత ఎన్నో రాత్రులు ముప్ఫై మందికి పైగా జనం గుహ ముందు నిలబడి, హీలర్ దొరుకుతారేమోనని ఎదురుచూశాం. ఆ 50 గోల్డ్ ఫీజు నిర్ణయానికి బరువు ఉండాలని పెట్టింది. మా మధ్యకు వచ్చేసరికి అది మనుషుల్ని దూరం చేసింది.

అప్పటినుంచి ఏ ఇబ్బంది గురించైనా నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఇది నా దగ్గరికి ఎవరినైనా తెచ్చిందా, నా దగ్గర్నుంచి ఎవరినైనా తీసుకుపోయిందా?

ఇదే ప్రశ్నను నీళ్ళకు వేసి చూడండి. హీలర్‌కు మానా, అంటే మంత్రాలకు కావలసిన శక్తి, అయిపోతే కూర్చుని నీళ్ళు తాగాలి. ఆ నీళ్ళు మంత్రంతో పుట్టించగలిగేది మేజ్. డంజన్ (అయిదుగురు కలిసి దిగే గుహ) మొదలయ్యే ముందు నేను ఒక అపరిచిత మేజ్ ముందు ట్రేడ్ విండో తెరుస్తాను. ఆయన నీళ్ళు పెడతాడు. నేను కృతజ్ఞతగా ఆయనకు రక్షణ మంత్రం వేస్తాను. గంటసేపు కలిసి పనిచేయబోయే ఇద్దరి మధ్య మొదటి మాట అక్కడ పుడుతుంది. మానా దానంతటదే నిండిపోయేలా చేస్తే నాకు టైమ్ కలిసొస్తుంది, కానీ ఆ మేజ్‌తో నాకు పని ఉండదు. వార్‌లాక్ అనే ఇంకో మంత్రగాడి సంగతి కూడా అంతే. దూరంగా ఉన్న మనిషిని పిలిపించాలంటే ఒక వార్‌లాక్, పక్కన ఇంకో ఇద్దరు కావాలి. అందరికీ ఒక బటన్ ఇచ్చేస్తే ఆ ముగ్గురి అవసరం ఎవరికీ ఉండదు. ఇలాంటి సౌకర్యాలకు నేను మీ తమ్ముడి పక్కనే నిలబడి వద్దంటాను.

మధ్యరకం కూడా ఉంటాయి. బాస్ (గుహలో ఉండే పెద్ద శత్రువు) చనిపోయాక వచ్చిన వస్తువు పొరపాటున తప్పు మనిషికి వెళ్తే, పాత ఆటలో కస్టమర్ సర్వీసుకు రాసి ఎదురుచూడాలి. 2019లో మొదటి రోజు నుంచే రెండు గంటల గడువు పెట్టారు. ఆ లోపు, ఆ బాస్‌ను కలిసి చంపినవాళ్ళలో ఎవరికైనా ఇచ్చేయొచ్చు. నలుగురు స్నేహితులు కుమ్మక్కై అయిదో మనిషిని మోసం చేయడానికి ఇది పనికొస్తుందని అప్పట్లో గట్టి వాదనే జరిగింది. ఆ ప్రమాదం నిజంగానే ఉంది. అయినా నేను ఒప్పుకుంటాను. పొరపాటు దిద్దుకోవడానికి మూడోవాళ్ళ కోసం కాచుకునే బదులు ఎదుట ఉన్న మనిషినే అడగడం మంచిది.

ఇక మీ తమ్ముడి "ఒక్కోటీ కలుపుకుంటూ పోతే" అన్న మాట. అసలు ఆట మారింది సరిగ్గా అలాగే, ఒక్కో చిన్న సౌకర్యంతో. కాబట్టి ప్రతిసారీ అడ్డుచెప్పే మనిషి జట్టులో ఒకరుండాలి. మీ తమ్ముణ్ణి బతిమాలి ఒప్పించకండి. మీ పాలడిన్‌ను వైద్యం అమరికకు మార్చి, ఈ వారం ఆయన వెళ్ళలేక ఆగిపోయిన డంజన్‌కు తీసుకెళ్ళండి.

ప్రశ్న: 2004 ఆటను ఒక్క అక్షరం మార్చకుండా ఇవ్వమంటే ఎందుకంత కష్టం?
— మార్పు వద్దనే ఒక వారియర్

జవాబు: మీరు అడుగుతున్న ఆట 2004దేనా అన్నది మొదటి చిక్కు. 2019 క్లాసిక్‌కు ఆధారం 1.12 ప్యాచ్, అంటే ఆటకు అప్పట్లో చేసిన ఒక సవరణ. అది 2006 ఆగస్టుది. అప్పటికి రెండేళ్ళపాటు టాలెంట్లు, ఆయుధాలు, కవచాలు సరిదిద్దుకుంటూ వచ్చారు. ఆ 2006 బలంతో 2004 నాటి బాస్‌ల మీదికి వెళ్ళాం. మోల్టెన్ కోర్ అనే రైడ్‌లో చివరి బాస్ రాగ్నరాస్‌ను మొదటిసారి చంపడానికి అప్పట్లో ఆట విడుదలయ్యాక ఐదు నెలలు పట్టింది. 2019లో వారం తిరగకుండానే చంపేశారు. కారణం 1.12 ఒక్కటే కాదు. పదిహేనేళ్ళలో ప్రతి గుహ మ్యాపు, ప్రతి బాస్ లెక్క మన చేతికి వచ్చేశాయి. ఆట అక్షరం మారకపోయినా ఆడే మనం మారిపోయాం.

అక్షరం మార్చకూడదన్న పట్టుదల ఎంతదూరం పోయిందో చెప్పనా? పాత సర్వర్లు మంత్రాలను ఎప్పటికప్పుడు కాకుండా కొద్దికొద్దిగా పోగేసి లెక్క చూసేవి. ఆ ఆలస్యాన్ని క్లాసిక్‌లో పనిగట్టుకుని మళ్ళీ తయారుచేశారు. దాదాపు 400 మిల్లీసెకన్లు. దానివల్ల ఇద్దరు మేజ్‌లు ఒకేసారి ఒకరినొకరు గొర్రెలుగా మార్చేసుకునేవారు, అది చూడటానికి బాగానే ఉండేది. నా పని మాత్రం నరకమైంది. హీల్ పూర్తయ్యేది, అంకె తెర మీద కనిపించేది, ట్యాంక్, అంటే శత్రువు దెబ్బలన్నీ తన మీదికి తీసుకునేవాడు, మాత్రం చచ్చిపడి ఉండేవాడు. ఆ రాత్రులు నాకు ఎంత టెన్షనో చెప్పలేను. తప్పు నాదో సర్వర్‌దో తేల్చుకోలేక రికార్డు చేసిన వీడియోలు మళ్ళీ మళ్ళీ చూసేదాన్ని. 2021లో ఆ ఆలస్యం తీసేశారు. మా గిల్డ్‌లో ఎవరూ దాన్ని తిరిగి అడగలేదు.

ఇంకోటి, డీబఫ్‌ల పరిమితి. శత్రువు మీద పడి కాసేపు హాని చేసే మంత్ర ప్రభావమే డీబఫ్. నలభై మంది ఒకే బాస్‌ను కొడుతుంటే ఆ బాస్ మీద ఒకేసారి 16 డీబఫ్‌లకు మించి ఉండవు. పదిహేడోది పడితే ముందున్న ఒకటి ఊడిపోతుంది. అందుకని వార్‌లాక్‌లను "నీ ముఖ్యమైన మంత్రాలు వేయకు" అని ఆపేవాళ్ళం. తన విద్య తను వాడుకోకూడదని మనిషికి చెప్పడం ఎంత బాధ! ఆ పరిమితి ఆనాటి సాంకేతిక ఇబ్బందుల్లోంచి వచ్చింది. 2021లో వచ్చిన సీజన్ ఆఫ్ మాస్టరీ అనే కొత్త క్లాసిక్ సర్వర్లలో దాన్ని తీసేసిన మొదటి వారం మా వార్‌లాక్ ఒక్కో మంత్రం పేరు గట్టిగా చెబుతూ బాస్ మీద వేశాడు. ఆ గొంతులో సంతోషం నాకింకా గుర్తుంది.

దీనికి ఎదురు ఉదాహరణ హార్డ్‌కోర్ సర్వర్లు. 2023లో అధికారికంగా వచ్చాయి. ఒక్కసారి చస్తే ఆ పాత్ర కథ ముగిసినట్టే. 2004లో ఇలాంటి నియమం ఎక్కడా లేదు, ఆటగాళ్ళు తమకు తాము పెట్టుకున్నది. కానీ 2006లో ఏ మలుపు వెనక ఏముందో తెలియక నాకు కలిగిన భయం, అన్నీ తెలిసిన ఈ వయసులో మళ్ళీ కలిగింది ఆ సర్వర్‌లోనే. పదకొండో లెవెల్‌లో ఒక గుహ గుమ్మం దగ్గర నిలబడి, లోపలికి వెళ్ళనా వద్దా అని నిమిషం పాటు ఆలోచించాను. మీరు కోరుకునే 2004 బహుశా అక్కడ దొరకొచ్చు. ప్రయత్నించి చూడండి.

ప్రశ్న: నాకు చూపు తక్కువ. రంగులు కూడా సరిగా తేడా తెలియవు. అక్షరాలు పెద్దవి చేసే యాడాన్ (ఆటకు కలుపుకునే చిన్న ప్రోగ్రాం) వాడితే, పాత ఆటలో ఇవేం లేవని మా గిల్డ్‌లో ఒకరు ఎత్తిపొడిచారు.
— ఒక డ్రూయిడ్

జవాబు: వాడండి. ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. కనిపించకపోవడం ఆ ఆటలో భాగంగా ఎవరూ పెట్టలేదు. పైగా యాడాన్లు ఈ ఆటలో మొదటినుంచీ ఉన్నాయి. నేను 2006లోనే జట్టు ప్రాణాల గీతలు పెద్దవిగా చూపించే యాడాన్ వాడాను, లేకపోతే నలభై మందిని చూసుకోవడం నా వల్ల అయ్యేది కాదు. ఎత్తిపొడిచిన ఆయన్ని కూడా ఆ గీతలు చూస్తూనే ఏదో ఒక హీలర్ బతికిస్తూ ఉంటారు.

ప్రశ్న: రాత్ ఆఫ్ ది లిచ్ కింగ్ క్లాసిక్‌ను డంజన్ ఫైండర్ లేకుండా విడుదల చేశారు. అసలు ఆటలోనే ఉన్నదాన్ని తీసేసి, అదే అసలైనదని చెప్పడం ఏం న్యాయం?
— విసిగిపోయిన ఒక రోగ్

జవాబు: మీ కోపంలో న్యాయముంది. డంజన్ ఫైండర్ 2009 డిసెంబరులో, ఆ విస్తరణ (ఆటకు తరవాత కలిపిన పెద్ద భాగం) చివరి పెద్ద ప్యాచ్‌లో వచ్చింది. మీరు బటన్ నొక్కితే అది వేర్వేరు సర్వర్ల నుంచి అయిదుగురిని కూర్చి నేరుగా డంజన్ లోపల దింపుతుంది. 2022 సెప్టెంబరులో రాత్ క్లాసిక్ వచ్చినప్పుడు దాన్ని ఇవ్వకూడదని నిర్ణయించారు. మనుషులు మాట్లాడుకుని జట్టు కట్టుకోవాలన్నది ఉద్దేశం. అంటే పేరుకు అసలైనదే అయినా, నిజానికి అది కొత్త మార్పు. చివరికి 2023లో దాన్ని తెచ్చిపెట్టారు.

ఆ నిర్ణయం నాకు మొదట నచ్చింది. నాకు గిల్డ్ ఉంది, పైగా హీలర్‌ను, అడిగిన అయిదు నిమిషాల్లో జట్టు దొరికేది. తరవాత రెండో పాత్రగా ఒక రోగ్‌ను, అంటే కత్తితో పోరాడే పాత్రను, మొదలుపెట్టాను. ముప్ఫై లెవెల్ దాటి స్కార్లెట్ మొనాస్టరీ అనే డంజన్‌కు జట్టు కోసం ఒక సాయంత్రమంతా చాట్‌లో అడిగాను. ఆ లెవెల్‌లో ఎవరూ లేరు. అందరూ పై లెవెల్‌కు చేరిపోయారు. గోల్డ్ ఇస్తే పెద్ద లెవెల్ మేజ్ ఒక్కడే మొత్తం గుహ ఊడ్చేసి చూపిస్తానన్న ప్రకటనలు మాత్రం నిమిషానికొకటి వచ్చాయి. మాట్లాడుకోవడానికి మనుషులే లేనిచోట, మాట్లాడుకోండి అని బటన్ తీసేస్తే మిగిలేది ఆ బేరమే. హీలర్‌గా నాకు కనిపించనిది రోగ్‌గా కనిపించింది. నా అభిప్రాయం అక్కడ మారింది.

పూర్తిగా మారిందనుకోకండి. ఆ బటన్‌లో మూడు పనులు కలిసి ఉన్నాయి: ఎవరికి ఏ డంజన్ కావాలో చూపడం, వేరే సర్వర్ల వాళ్ళను తేవడం, గుమ్మం దాకా నడవకుండా లోపల దింపడం. మొదటిది అందరికీ మేలు. జట్టు కోసం చూస్తున్నవాళ్ళ జాబితా ఒకటుంటే చాలు, మిగతాది మనుషులు చూసుకుంటారు. రెండోదే నన్ను భయపెడుతుంది. మన సర్వర్‌లోని ట్యాంక్ మధ్యలో వదిలేసి పోతే ఆ పేరు అందరికీ గుర్తుండిపోతుంది, రేపు మళ్ళీ అతను మన మధ్యే జట్టు వెతుక్కోవాలి. మళ్ళీ ఎప్పటికీ కనపడని అయిదుగురి మధ్య నమస్తే చెప్పకుండా మొదలుపెట్టి, వీడ్కోలు చెప్పకుండా ముగించడం 2010లో నేనే అలవాటు చేసుకున్నాను. ఒక జట్టులో ఎవరి పేరూ చదవకుండా నలభై నిమిషాలు వైద్యం చేశానని ఒక రోజు గమనించాను. అది నాకు నచ్చలేదు.

ప్రశ్న: ఇంత గొడవ దేనికి? ఓటు పెడితే పోదా?
— క్లుప్తంగా అడిగే ఒక హంటర్

జవాబు: పెట్టి చూసిన ఆట ఉంది, ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్. 2013లో దాదాపు నాలుగున్నర లక్షల ఓట్లు పడ్డాక, 2007 ఆగస్టు నాటి బ్యాకప్ నుంచి పాత ఆటను మళ్ళీ తెరిచారు. అప్పటినుంచి పెద్ద మార్పులు చాలావరకు ఓటుకు వెళ్తాయి. నూటికి 75 మంది ఒప్పుకుంటేనే అమలయ్యేది, 2022లో దాన్ని 70కి తగ్గించారు. 2019లో వార్డింగ్ అనే కొత్త స్కిల్‌కు దాదాపు మూడింట రెండు వంతుల మంది అవునన్నా అది రాలేదు. సెయిలింగ్ మాత్రం 2023లో గీత దాటి, 2025లో ఆటలోకి వచ్చింది.

అక్కడ నాకు బాగా నచ్చిన ఉదాహరణ గ్రాండ్ ఎక్స్ఛేంజ్. వస్తువు, ధర నమోదు చేస్తే దానంతటదే అమ్మిపెట్టే సంత అది. అసలు ఆటలో 2007 నవంబరులో వచ్చింది, అంటే ఆ బ్యాకప్ తరవాత మూడు నెలలకే. కాబట్టి తెరిచిన పాత ఆటలో అది లేదు. జనం బ్యాంకు ముందు గుంపులుగా నిలబడి అరుచుకుంటూ అమ్ముకునేవారు. ఆ సందడి పోతుందని చాలామంది బాధపడ్డారు. కానీ అప్పటికే చాలా బేరాలు బయటి వెబ్‌సైట్‌లో కుదిరేవి, ఆటలోకి వచ్చేది వస్తువు చేతులు మార్చుకోవడానికే. ఆటగాళ్ళు ఒప్పుకున్నాక 2015లో గ్రాండ్ ఎక్స్ఛేంజ్ పెట్టారు. బయటికి వెళ్ళిపోయిన సంతను లోపలికి తెచ్చుకున్నారని నేను అనుకుంటాను.

అయితే ఓటులో ఒక లోటుంది. ఇబ్బంది భరించలేక వెళ్ళిపోయినవాళ్ళకు ఓటు ఉండదు. మా గిల్డ్ వదిలిన ఆ హీలర్‌ను ఎవరడుగుతారు? ఇక ఓటు దాకా రాకుండానే వచ్చే సౌకర్యం ఇంకోటుంది, డబ్బుకు అమ్మేది. 2021లో బర్నింగ్ క్రూసేడ్ క్లాసిక్‌తో పాటు, డబ్బు కడితే పాత్రను నేరుగా 58వ లెవెల్‌కు చేర్చే సదుపాయం పెట్టారు. దీని విషయంలో నాకు మధ్యేమార్గం లేదు. దాటవేయడాన్ని అమ్ముకునేవాళ్ళకు దారి విసుగ్గా ఉంటేనే లాభం. దారిని బాగుచేయాలన్న కోరిక వాళ్ళకు ఎక్కడినుంచి వస్తుంది?

ప్రశ్న: నేను కొత్తగా చేరాను. నైట్ ఎల్ఫ్, పన్నెండో లెవెల్. నా ఫ్రెండ్ ఐరన్‌ఫోర్జ్ నగరంలో ఉన్నాడు. నడిచి వస్తే చాలాసార్లు చస్తావు, వార్‌లాక్‌ను అడిగి పిలిపిస్తాను, రెండు రోజులు ఆగమన్నాడు. ఆగనా, నడవనా?
— పేరు రాయని ప్రీస్ట్

జవాబు: నడవండి. మీ ఉత్తరం చూసి నాకు పాత రోజులన్నీ గుర్తొచ్చాయి. నేను అదే దారిలో పదమూడో లెవెల్‌లో నడిచాను. ఆబర్‌డైన్‌లో పడవ ఎక్కి మెనెథిల్ హార్బర్‌లో దిగాను. వెట్‌ల్యాండ్స్‌లో మొదటి మలుపు దాటకముందే మొసలి చంపేసింది. ఆత్మగా పరుగెత్తి శరీరం దగ్గరికి వచ్చి లేస్తే మళ్ళీ అదే మొసలి. నాలుగోసారి లేచేసరికి ఒక మరుగుజ్జు హంటర్ అక్కడ నిలబడి ఉన్నాడు, మొసలి చచ్చి ఉంది. "వెనకాలే రా" అని ఒక్క ముక్క టైప్ చేసి ముందు నడిచాడు. గేటు దాకా తెచ్చి వెళ్ళిపోయాడు. ఆ పేరు నాకింకా గుర్తుంది. 2008లో ఆబర్‌డైన్ నుంచి స్టార్మ్‌విండ్‌కు నేరుగా పడవ వేశారు, తరవాత కొత్తవాళ్ళెవరికీ ఆ దారితో పని లేకుండా పోయింది. మీ సర్వర్‌లో ఇంకా పాత పడవే ఉంది.

వెళ్ళేముందు ఇవి గుర్తుపెట్టుకోండి. మెనెథిల్‌లో దిగగానే, ఎగిరే గ్రిఫన్ల మీద ప్రయాణం కుదిర్చే గ్రిఫన్ మాస్టర్‌తో మాట్లాడి ఆ చోటు నమోదు చేసుకోండి. రోడ్డు వదలకండి. మీ లెవెల్ తక్కువ కాబట్టి జంతువులు మిమ్మల్ని చాలా దూరం నుంచే పసిగడతాయి. నీటి పక్కన రోడ్డుకు అవతలి అంచున నడవండి. చస్తే పడినచోటే లేవనక్కర్లేదు, శరీరానికి కాస్త ముందుకు జరిగి లేవొచ్చు, అలా ప్రతి చావుకూ కొంత దారి కలిసొస్తుంది. రోడ్డు దక్షిణానికి తిరిగాక డన్ అల్గాజ్ సొరంగాలు వస్తాయి, అవతల లాక్ మోడన్. మీ ఫ్రెండ్‌కు వార్‌లాక్‌ను వెతకడం మాని, సొరంగం ఇవతలి వైపుకు, మీరు వచ్చే వైపుకు వచ్చి నిలబడమని చెప్పండి. అక్కడ ఓర్క్‌లు ఉంటాయి, మీరొక్కరే దాటలేరు.